బిడ్డకంటే ముందే ఇంట్లో చేరిన సీసం

(కడపలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తల కోసం జరిగిన శిక్షణలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాటల్లోకి దిగే ముందు ఒక చిన్న పని ఉంది. ఇంటి నుంచి రెండేసి పసుపు కొమ్ములు తెమ్మని కబురు పెట్టాను. ఎంతమంది తెచ్చారు? పన్నెండు మందా? అయిదుగురు తెస్తే గొప్ప అనుకున్నాను. ఈ బల్ల మీద గాజు గ్లాసుల్లో నీళ్లు పోయించాను. మీ కొమ్ములు తలా ఒక గ్లాసులో వేసి వెళ్లి కూర్చోండి. కలపవద్దు, కదపవద్దు. ఏ గ్లాసు ఎవరిదో గుర్తుంచుకోండి. పొడి తెచ్చినవాళ్లు దాన్ని సంచిలోనే ఉంచండి. పసుపు పొడి నీళ్లలో వేస్తే మంచిదైనా చెడ్డదైనా నీళ్లు పసుపుగానే అవుతాయి. చివర్లో ఈ గ్లాసుల దగ్గరికి మళ్లీ వద్దాం.

ఈ రోజు సీసం గురించి మాట్లాడుకుందాం. తెలుగు మీద మక్కువ ఉన్నవాళ్లకు సీసపద్యం గుర్తొచ్చి ఉంటుంది. అది కాదు. పెన్సిలు ములుకు కూడా కాదు. బిడ్డ పెన్సిలు ముక్క మింగాడని పరుగెత్తుకొచ్చే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అది గ్రాఫైటు, బొగ్గుకు చుట్టం, దానికి భయపడనక్కరలేదు. నేను చెప్పేది బరువుగా, మెత్తగా, గోటితో గీస్తే గీత పడే లోహం. ఆటో బ్యాటరీ లోపల ఉండేది, చేపల వల మునగడానికి అంచున కట్టేది.

2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. వందల మంది ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేలింది. ఆ వారమంతా టీవీలో సీసం మాటే. తరువాతి పరిశోధనలు పురుగుమందుల వైపు చూపాయి, సీసాన్ని అందరూ మరచిపోయారు. కానీ సీసం మామూలుగా అలా వీధిలో పడగొట్టదు. చప్పుడు చేయదు. అందుకే దాని గురించి టీవీవాళ్లు కాదు, ఇంటింటికీ తిరిగే మీరు తెలుసుకోవాలని నా కోరిక.

మన జిల్లా కొండల్లోనూ సీసం ఉంది. జంగమరాజుపల్లె దగ్గర సీసం, జింకు ఖనిజాలు ఉన్నాయని, పాతకాలపు తవ్వకాల ఆనవాళ్లు కూడా ఉన్నాయని భూగర్భశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. నేను ఆస్పత్రిలో చూసిన సీసం మాత్రం కొండలోంచి రాలేదు. పెరట్లోంచి వచ్చింది.

ఆ సంగతి చెబుతాను. ఊరూ పేరూ అడగవద్దు. ఇరవై రెండేళ్ల అమ్మాయి, తొలి కాన్పు. ముప్పై అయిదో వారంలోనే ప్రసవమైంది. బిడ్డ బరువు కిలో తొమ్మిది వందలు. అంతవరకు వింత ఏమీ లేదు, అలాంటి బిడ్డలను మనం రోజూ చూస్తాం. తల్లి కార్డు తిరగేశాను. అయిదో నెలలో హిమోగ్లోబిన్ 8.2. ఎనిమిదో నెలలో 8.1. మధ్యలో మూడు నెలలు ఐరన్ మాత్రలు ఇచ్చారు. కింద ఎవరో ఎర్ర సిరాతో రాశారు: "మాత్రలు వాడడం లేదు."

ఆ మాట చదివి వినిపిస్తే అమ్మాయి మాట్లాడలేదు. మంచం కింద ఉన్న సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఖాళీ మాత్రల పట్టీలు, ఒకదాని మీద ఒకటి పేర్చి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. మింగిన ప్రతి మాత్ర పట్టీనీ దాచుకుంది. ఎందుకు దాచావమ్మా అంటే, "మింగలేదంటారని తెలుసు మేడం" అంది. ముప్పై ఏళ్ల వృత్తిలో నన్ను సిగ్గుపడేలా చేసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఇది అందులో ఒకటి. ఎర్ర సిరా నాది కాదు, కానీ ఆ కార్డు మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

రక్తం చుక్క గాజు పలక మీద పరిచి చూస్తే, ఎర్రకణాల్లో సన్నని నీలం చుక్కలు కనిపించాయి, ఎవరో పెన్నుతో పొడిచినట్టు. చూసింది ల్యాబ్‌లో పనిచేసే కుర్రవాడు, నేను కాదు. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారు కావడానికి ఒంట్లో కొన్ని ఎంజైములు పనిచేయాలి. సీసం ఆ ఎంజైములను అడ్డుకుంటుంది. అప్పుడు ఎంత ఇనుము పోసినా అది పనికి రాదు. పొయ్యి ఆర్పేసి బియ్యం పోస్తూ ఉంటే అన్నం ఉడుకుతుందా? రక్తం పెద్ద ఊరి ల్యాబ్‌కు పంపాం. తల్లికి డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్ల రక్తానికి, 36 మైక్రోగ్రాముల సీసం, బిడ్డకు 30. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. ఇకపై నేను చెప్పే అంకెలన్నీ ఈ లెక్కలోనే.

ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఆస్పత్రిలో కూర్చుని కనిపెట్టలేదు. ఆ ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూసి ఫోను చేసింది. ఆమె మొదట చెప్పింది కొత్తిమీర గురించి. పెరట్లో బట్టలు ఉతికే బండ పక్కన నల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో కొత్తిమీర ఏపుగా పెరిగిందట. ఆ డబ్బాలు పగలగొట్టిన బ్యాటరీల పెట్టెలు. భర్త పాత ఆటో బ్యాటరీలు కొని, పెరట్లో పగలగొట్టి, ప్లేట్లు తీసి, పాత ఇనుప బాండలిలో కరిగించి దిమ్మలు చేసి అమ్ముతాడు. ఆ డబ్బాల్లో పెరిగిన కొత్తిమీర పప్పులో వేసుకుని, అతని చొక్కాలు అదే బండ మీద ఉతికి, ఆ దుమ్మునే చీపురుతో ఊడ్చింది ఆ అమ్మాయి, కాన్పయ్యేదాకా. అతను దుర్మార్గుడు కాదు. బిడ్డ పుడుతుందని నాలుగు రూపాయలు ఎక్కువ సంపాదించాలని ఆ ఏడాదే ఆ పని మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఎముకల సంగతి. ఇది అర్థమైతే మిగిలినదంతా దానంతటదే అర్థమవుతుంది. ఒంట్లో చేరిన సీసం రక్తంలో ఎక్కువకాలం ఉండదు, సుమారు నెలలో సగానికి తగ్గుతుంది. కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకల్లో చేరుతుంది. సీసానికీ కాల్షియానికీ ఎముక తేడా గుర్తుపట్టలేదు. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో నూటికి తొంభై పాళ్లు ఎముకల్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఎవరికీ తెలియదు, ఏ నొప్పీ ఉండదు.

కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు బిడ్డ ఎముకలకు కాల్షియం కావాలి. నెలలు నిండిన బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. తల్లి తినే తిండి చాలకపోతే తల్లి ఎముకే కరిగి ఇస్తుంది. పాలిచ్చేటప్పుడూ అంతే. ఎముక కరిగినప్పుడు కాల్షియంతో పాటు ఎప్పటిదో పాత సీసమూ రక్తంలోకి బయలుదేరుతుంది.

దీన్ని పట్టుకున్న పద్ధతి నాకు చాలా ఇష్టం. సీసానికి వేలిముద్ర లాంటిది ఒకటి ఉంటుంది. సీసంలోనే బరువులో కాస్త తేడా ఉండే పరమాణు రకాలు ఉంటాయి, వాటిని ఐసోటోపులు అంటారు. ఏ గని సీసం అన్నదాన్నిబట్టి ఆ ఐసోటోపుల పాళ్లు మారతాయి. ఆస్ట్రేలియా సీసానిది ఒక ముద్ర, తూర్పు యూరప్ సీసానిది ఇంకొకటి. 1990లలో బ్రయన్ గల్సన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చి అక్కడ కాపురం పెట్టిన ఆడవాళ్ల రక్తాన్ని గర్భంలోనూ కాన్పు తరువాతా పరీక్షిస్తూ వచ్చాడు. గర్భంతో ఉండగా రక్తంలో సీసం సుమారు అయిదో వంతు పెరిగింది. పెరిగిన ఆ సీసం మీద ఉన్నది ఆస్ట్రేలియా ముద్ర కాదు, పుట్టిన దేశం ముద్ర. ఎవరూ పెట్టని సారె అది. పుట్టింటి నుంచి ఎముకల్లో మోసుకొచ్చి బిడ్డకు ఇచ్చారు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అంతకుముందు పదేళ్లు బస్టాండు పక్క వీధిలో ఆడుకున్న పిల్ల ఇప్పుడు ముప్పై అయిదేళ్ల తల్లి. కాబట్టి "ఈ తొమ్మిది నెలల్లో నువ్వేం చేశావమ్మా" అని తల్లిని నిలదీయడం అన్యాయం. సగం లెక్క ఆమె బాల్యంలోనే రాసి ఉంటుంది.

గర్భంలో తల్లినీ బిడ్డనూ కలిపే మావి చాలా వాటిని వడకడుతుంది. సీసాన్ని వడకట్టదు. పన్నెండు, పద్నాలుగు వారాల నుంచే సీసం బిడ్డకు చేరుతుంది. కాన్పు వేళ బొడ్డుతాడు రక్తంలో చూస్తే, తల్లి రక్తంలో ఉన్నదానిలో నూటికి ఎనభై, తొంభై పాళ్లు కనిపిస్తుంది. గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, తల్లికి రక్తపోటు వంటివాటికి సీసంతో సంబంధం ఉందని అనేక చోట్ల చూశారు. మెక్సికో నగరంలో చేసిన ఒక అధ్యయనంలో తల్లి రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు పెరిగిన కొద్దీ గర్భస్రావం అవకాశం 1.8 రెట్లయింది.

మెదడు సంగతి వేరుగా చెప్పాలి. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే కాల్షియం కావాలి. ఆ కాల్షియం వేషం వేసుకుని సీసం లోపలికి వెళుతుంది, కబుర్లు తారుమారు చేస్తుంది. పెద్దవాళ్లలో రక్తానికీ మెదడుకూ మధ్య కాపలా గట్టిగా ఉంటుంది. గర్భస్థ శిశువులో ఆ కాపలా ఇంకా కుదురుకోదు. బోస్టన్‌లో డేవిడ్ బెల్లింజర్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన అధ్యయనంలో, బొడ్డు రక్తంలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు రెండేళ్ల వయసు దాకా జరిపిన మానసిక వికాస పరీక్షల్లో తక్కువ సీసం ఉన్న పిల్లలకంటే 4.8 మార్కులు వెనకబడ్డారు. వాళ్లు బాగా బతికిన కుటుంబాల పిల్లలు, పేదరికం వల్ల అని తోసిపుచ్చే వీలు లేదు. అయిదు మార్కులేనా అనిపించవచ్చు. ఒక్క బిడ్డలో దాన్ని ఎవరూ పసిగట్టలేరు. బడిలో "మొద్దు" అంటారు, అంతే. ఊరంతటికీ అయిదేసి మార్కులు తగ్గితే ఆ ఊరు ఎంత పోగొట్టుకున్నదో ఎవరు లెక్క కడతారు?

పుట్టిన బిడ్డను చూసి సీసం ఉందని నేనూ చెప్పలేను. ఏడుస్తుంది, పాలు తాగుతుంది, వేలు పట్టుకుంటుంది. రంగు మారదు. రక్త పరీక్ష ఒక్కటే దారి.

ఎంత ఉంటే ప్రమాదం అని అడుగుతారు. ఇంత వరకు ఫరవాలేదు అనే గీత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని 2021లో చెప్పింది. అమెరికాలో పిల్లల విషయంలో ఒకప్పుడు 10 అన్నారు, తరువాత 5 అన్నారు, 2021 నుంచి 3.5 అంటున్నారు. 5 అంటే ఎంతో చూపిస్తాను. మూడు కిలోల బిడ్డ ఒంట్లో రక్తం సుమారు 250 మిల్లీలీటర్లు, ఒక మంచినీళ్ల గ్లాసెడు. అంత రక్తంలో ఉండే సీసం మొత్తం పన్నెండు, పదమూడు మైక్రోగ్రాములు. ఒక్క పంచదార పలుకును నలభై ముక్కలు చేయగలిగితే అందులో ఒక ముక్క బరువు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి ఆ మాత్రం, లేదా అంతకంటే ఎక్కువ ఉంది. భారతదేశంలోనే 27 కోట్లకు పైగా పిల్లలు.

అంత సీసం ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాటరీల సంగతి చెప్పాను. ఇక పసుపు.

బంగ్లాదేశ్ పల్లెల్లో 430 మంది గర్భిణుల రక్తం పరీక్షిస్తే నూటికి 31 మందికి 5 దాటింది. అక్కడ ఫ్యాక్టరీలు లేవు, బ్యాటరీలు లేవు. మట్టి చూశారు, తిండి నిలవచేసే డబ్బాలు చూశారు, వంటిల్లు చూశారు. చివరికి పసుపు దొరికింది. మళ్లీ ఆ వేలిముద్ర పద్ధతితోనే, తల్లుల రక్తంలోని సీసం పసుపులోని సీసంతో సరిపోతుందని తేల్చారు. పసుపులో సీసం ఎందుకుంది? 1980లలో వరదలు వచ్చి పసుపు తడిసి కొమ్ము నల్లబారితే, మెరుగు పెట్టేటప్పుడు పసుపుపచ్చటి రంగు పొడి వేయడం అలవాటైంది. ఆ పొడి లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పెయింటు రంగు. కొన్ని నమూనాల్లో గ్రాము పసుపుకు వెయ్యి మైక్రోగ్రాములు దాటింది. 2019లో విషయం బయటపడ్డాక ప్రభుత్వం మార్కెట్లలో పరికరాలతో తనిఖీ చేసింది, టోకు వర్తకులకు జరిమానా వేసింది, పత్రికల్లో హెచ్చరించింది. కల్తీ పసుపు ఆ ఏడాది నూటికి 47 పాళ్లుంటే, 2021 నాటికి సున్నాకు వచ్చింది. రెండేళ్లలో! సీసం విషయంలో ఇంత సంతోషకరమైన కథ నాకు ఇంకొకటి తెలియదు.

ఇది కడపలో ఎందుకు చెబుతున్నానంటే, మనది పసుపు పండించే జిల్లా. మైదుకూరు, టేకూరుపేట పేర్లు పసుపు రకాల పేర్లుగా దేశమంతటికీ తెలుసు. మీలో పసుపు రైతుల ఇళ్లవాళ్లు ఉంటారు. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టడం మీకు నేను చెప్పాలా? పసుపు నీళ్లే చిలకరించి రంగు తేవడం పాత పద్ధతి, దానిలో తప్పు లేదు. మన రైతు మీద నేను వేలెత్తడం లేదు. ఎక్కడెక్కడి సరుకో కలిసిపోయే అంగడిలో, మరీ మెరిసే కొమ్మును చూసి ముచ్చటపడవద్దు అంటున్నాను. మన చట్టం ప్రకారం పసుపులో లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు.

తరువాత మందులు. ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. ఆయుర్వేదంలో నాగం అంటే సీసం. నాగభస్మం సీసంతో చేసేదే. అది రహస్యం కాదు, గ్రంథాల్లోనే ఉంది. 2011, 2012లలో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణులకు రక్తంలో సీసం 16 నుంచి 64 దాకా ఉందని తేలింది. అందరూ మన దేశంలో తయారైన ఆయుర్వేద మాత్రలు వాడినవాళ్లే. ఆరుగురిలో అయిదుగురు ఇక్కడ పుట్టినవాళ్లు. శొంఠి కషాయం, వాము నీళ్లు తాగితే నాకు అభ్యంతరం లేదు, మా అమ్మ నాకూ ఇచ్చింది. భస్మం, సింధూరం అని చీటీ మీద ఉన్నా, అసలు చీటీయే లేకపోయినా, కడుపుతో ఉన్న మనిషికి వద్దు.

కళ్లకు పెట్టే సుర్మా సీసపు రాయిని నూరి చేసినది కావచ్చు. ఆముదపు దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుక వేరు, అందులో సీసం లేదు. అయినా పసిబిడ్డ కళ్లలో ఏదీ పెట్టవద్దు. దిష్టిచుక్క అరికాలికి పెట్టండి, బుగ్గ మీద పెడితే చేతులతో తుడుచుకుని నోట్లో పెట్టుకుంటుంది. నారింజ రంగు సింధూరంలో సీసం ఉండవచ్చు. పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమకు ఆ బెడద లేదు. కళాయి పూతలో తగరం బదులు చవకగా సీసం కలిపితే పులుసు కాచిన ప్రతిసారీ దిగుతుంది. తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం పాత్రలూ, మనం సిల్వర్ గిన్నెలంటామే, అవీ అంతే. చింతపండు పులుసుకు స్టీలు వాడితే సరిపోతుంది.

శ్రీమంతానికి ముందు ఇంటికి రంగులు వేయిస్తారు కదా. గోడకు సున్నం కొడితే ఏమీ కాదు. పాత తలుపుల ఎనామిల్ పెయింటును ఉప్పుకాగితంతో రుద్దితే రేగే దుమ్ములో సీసం ఉంటుంది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ తలుపులు అంతకంటే పాతవి. రుద్దాలంటే ఆ అమ్మాయి లేనప్పుడు రుద్దండి, తడిగుడ్డతో తుడవండి.

మన్ను, బలపాలు తినడం గురించి మీరు నాకంటే ఎక్కువ విని ఉంటారు. రక్తం తక్కువైతే ఆ కోరిక పుడుతుంది. తిట్టవద్దు, తిడితే దాచుకుని తింటారు. ఎక్కడి మన్ను తింటున్నావని నెమ్మదిగా అడగండి.

ఇంతకీ మీరు చేయాల్సింది చాలా పెద్ద పని కాదు. నెలనెలా 9వ తేదీ గర్భిణులు పరీక్షలకు వచ్చినప్పుడో, మీరు ఇంటికి వెళ్లినప్పుడో, ఒక్క ప్రశ్న అదనంగా అడగండి: ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు? బ్యాటరీ, పాత ఇనుము, పెయింటు, వెల్డింగ్, కళాయి అంటే చెవులు నిక్కించండి. ఆ మనిషి పని బట్టలు బయటే విప్పాలి, విడిగా ఉతకాలి, ఉతికేది గర్భిణి కాకూడదు. ఇది చెప్పాల్సింది ఆమెకు కాదు, అతనికి. ఐరన్ మాత్రలు మూడు నెలలు మింగినా రక్తం పెరగకపోతే, మింగలేదని రాసే ముందు ఖాళీ పట్టీలు అడగండి.

కాల్షియం మాత్రలు పద్నాలుగో వారం నుంచి కాన్పయ్యాక ఆరు నెలల దాకా, రోజుకు రెండు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, రెంటికీ మధ్య ఎడం ఉండాలి. మెక్సికోలో గర్భిణులకు రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గింది. మనకు మాత్రతో పాటు సంకటి ఉంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం. వరి అన్నం తినడం హోదా అనుకుని రాగి సంకటిని వదిలేసిన ఇళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఖాళీ కడుపున సీసం ఎక్కువ ఒంటబడుతుంది, కాబట్టి కడుపుతో ఉన్న పిల్లను ఉపవాసాలు ఉంచవద్దు.

ప్రశ్న ఉందా? చెప్పమ్మా. తల్లి రక్తంలో సీసం ఉంటే పాలు ఆపాలా? మంచి ప్రశ్న. ఆపవద్దు. రక్తంలో ఉన్న సీసంలో పాలలోకి వచ్చేది చాలా కొద్ది, నూటికి మూడు పాళ్లు, అంతకంటే తక్కువ. 40 దాటితే తప్ప పాలు ఇవ్వవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. దాటితే డాక్టరు చూసుకోవాలి. నేను చెప్పిన అమ్మాయి పాలిచ్చే పెంచింది. బ్యాటరీలు పెరట్లోంచి పోయాయి, వాళ్లు వేరే ఇంటికి మారారు. ఏడాదికి బిడ్డ రక్తంలో సీసం 11కు దిగింది. ఇప్పుడు బడికి వెళుతోంది. కొంచెం ఆలస్యంగా మాట్లాడింది. అది సీసం వల్లనా, నెలలు నిండకపోవడం వల్లనా అని వాళ్ల నాన్న ప్రతిసారీ అడుగుతాడు. ఒక్క బిడ్డను చూసి అది చెప్పడం ఎవరికీ సాధ్యం కాదని ప్రతిసారీ చెబుతాను.

సరే, లేచి బల్ల దగ్గరికి రండి, తోసుకోకుండా. చూడండి, ఎక్కువ గ్లాసుల్లో నీళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి. కొమ్ము అడుగున ఉంది, దాని రంగు దాని దగ్గరే ఉంది. ఈ చివరి గ్లాసు చూశారా? కొమ్ము చుట్టూ పొగలా పసుపు దిగి, నీళ్లన్నీ రంగు తిరిగాయి. నేను మాట్లాడటం మొదలుపెట్టిన అయిదు నిమిషాలకే ఇలా అయింది, చూస్తూనే ఉన్నాను. ఇది ఎవరిది? మీదా అమ్మా? భయపడవద్దు. రంగు దిగినంత మాత్రాన సీసమే అనలేం, వేరే రంగు కావచ్చు. తేటగా ఉన్నవాటికి కూడా ఇది పూర్తి పూచీ కాదు. ల్యాబ్‌లో చూస్తేనే తెలుస్తుంది. అంగడి పేరు ఇక్కడ చెప్పవద్దు. ఇంట్లో మిగిలిన కొమ్ములు ఉన్నాయి కదా, పారేయకుండా ఒక కవరులో వేసి, కొన్న తేదీ రాసి రేపు నాకు అందజేయండి. అప్పటిదాకా కూరలో వేయకండి. మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?